పటంలో ఎరుపు పడిన మడి

తిరుపతిలో పరిశోధన చేసే రోజుల్లో నా పని ఒకటే. జావా పిచ్చుకలు ఇక ఎటువైపు వ్యాపించవచ్చో ముందుగా అంచనా వేయడం. అవి మన దేశపు పిట్టలు కావు. పంజరాల్లో పెంచుకోవడానికి తెచ్చినవి కొన్ని చెన్నై వైపు తప్పించుకుని, బయటే గూళ్లు కట్టుకున్నాయి. అవి బతుకుతున్న చోట్ల ఎండ ఎంత, వాన ఎంత, వరి ఉందా, ఊరు ఎంత దూరం అన్న వివరాలు కంప్యూటర్‌కు ఇచ్చి, అలాంటి చోట్లు ఇంకెక్కడున్నాయో వెతికించాను. అది గీసిన పటంలో పిట్టకు సరిపోయే చోటల్లా ఎరుపు; కార్వేటినగరం దగ్గర ఒకచోట ముదురు ఎరుపు పడింది. ఆ పిట్టను అక్కడ చూశామన్నవాళ్లు అప్పటికి ఒక్కరూ లేరు.

నాయన ఆ దారిలోనే బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పటం చూసి, "రెక్కలుండే పిట్టమ్మా అది. దాని బుద్ధి ఎట్ల పుడితే అట్ల పోతాది. యాడికి పోతాదో నువ్వెట్ల జెప్తావు?" అన్నాడు. అయినా ఆదివారం పొద్దున్నే తానే స్కూటర్ తీశాడు.

ఎండ ఎక్కేదాకా తిరిగాం. కనిపించినవన్నీ ఊరపిచ్చుకలు, గోరింకలే. నాకు సిగ్గేసింది. ఇక వెనక్కి పోదామనుకుంటుండగా, బోరు కింద వరిమడి గట్టున రేకుడబ్బా వాయిస్తూ పిట్టలు తోలుతున్న ముసలామె కనిపించింది. ఫోన్‌లో బొమ్మ చూపించాను.

"ఈ ఎర్రముక్కుదా? కంకి పాలు పట్టినప్పట్నించి వస్తా ఉండాయి," అని చెయ్యి చాపింది. "సూడు, ఆ తీగ మీద."

కరెంటు తీగ మీద ఏడు. బూడిదరంగు ఒళ్లు, నల్లటి తల, తెల్లటి బుగ్గలు, లావాటి ఎర్ర ముక్కు. బైనాక్యులర్ తీసి ఒక్కొక్కదాన్నీ మళ్లీ లెక్కపెట్టాను. నా పటం గురించి వాటికేం తెలుసు? ఎక్కడో సముద్రం అవతలి జాతి, ఆకలి తప్ప వేరే దారి చూపేవాళ్లు లేరు, సరిగ్గా ఆ మడికే వచ్చి వాలాయి. నాయన చెప్పులు విడిచి గట్టు మీద నిలబడ్డాడు. ఎందుకో ఆయనకూ తెలిసి ఉండదు.

"ఈడ్నించి యాడికి పోతాయి పాపా?" అని అడిగింది ఆమె.

పటం గట్టు మీద పరిచి, ఆమె మడి, చుట్టూ ఊళ్లు చూపించి, ఎరుపున్న చోటికి పోవచ్చన్నాను. గాలికి లేవకుండా నాయన ఒక అంచు పట్టుకున్నాడు. ఆమె వేలు తన మడి దగ్గర మొదలై, ఎరుపు వెంబడి చిత్తూరు వైపు మెల్లగా సాగి ఒకచోట ఆగింది.

"మా చెల్లెలోళ్ల వరి ఈడనే ఉండాది. ఫోన్ చేసి చెప్పాల," అంది.