రోడ్డు మీద పుషప్‌లు

తెలంగాణ ఉద్యమం రోజులవి. భూపాలపల్లి వెళ్లే మా బస్సును జనగామ దాటాక రాస్తారోకోలో ఆపేశారు. రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. నాది గుంటూరు. నోరు విప్పితే ఏమంటారోనని కిటికీకి అతుక్కుని కూర్చున్నాను.

పక్కసీటులో స్వరూప అనే అమ్మాయి నా ట్రాక్‌సూట్ చూసింది.

"అక్కా, నువ్వు పీఈటీ టీచర్‌వా? రేపు గదే కోర్సుకు నాకు ఇంటర్వ్యూ ఉన్నది. దండీలు, బస్కీలు మస్తు తీస్త. ఇంగ్లిష్‌ల ఏమంటరో జర చెప్పవా?"

"పుషప్, స్క్వాట్," అన్నాను గుసగుసగా.

"గట్ల కాదక్కా, చేసుకుంట చెప్పు!" అని చెయ్యి పట్టి రోడ్డు మీదికి లాక్కెళ్లింది.

ఇద్దరం పక్కపక్కనే పుషప్‌లకు దిగాం. వంట చేసే ఆడవాళ్లు గరిటెలతో సహా చుట్టూ మూగారు. ఒకటి, రెండు అని లెక్కపెట్టలేదు వాళ్లు. మేం పైకి లేచిన ప్రతిసారీ "జై తెలంగాణ!" అన్నారు. ఆ ఊపులో నేనూ అరిచేశాను. నా గొంతు నాకే వినబడి, నవ్వాపుకోలేక బోర్లా పడ్డాను.

ఒక అవ్వ విస్తరిలో అన్నం, కూర పెట్టి నా చేతికిచ్చింది. "ఏ ఊరు బిడ్డా నీది?"

నా నవ్వు ఆగిపోయింది. "గుంటూరు అవ్వా."

అవ్వ నన్ను ఎగాదిగా చూసి వెనక్కి తిరిగి కేకేసింది.

"ఓ పిల్లా! గుంటూరామెనట. మన కూర సప్పగుంటది. జర మిరపకాయ తొక్కు తే!"