సిద్ధిరాములు యాట దులిపిన నాడు

లింగంపేట పక్కపొంటి మా ఊరు. ఊరంతట్ల పోచమ్మకు మొక్కని మనిషి ఒక్కడే ఉండె, సిద్ధిరాములు. నాకు వరుసకు కాక అయితడు. మోట కొట్టుడుల ఆయనను మించినోడు లేడు. ఎడ్లకు ఒక్క దెబ్బ తగలనీయకుంట, ఒట్టి పాటతోనే బాయిలకెళ్లి నీళ్లు తోడిపిస్తుండె. గని పోచమ్మ గుడి ముందలికెళ్లి పోతె మాత్రం తల తిప్పి గూడ చూడకపోతుండె.

దానికొక కత ఉన్నది. గత్తర వచ్చిన ఏడు ఆయన పెండ్లాం భూదవ్వ వాంతులు, బేదులతోని మంచం వట్టింది. "పోచమ్మకు యాటపోతును ఒప్పుకున్న, జల్ది కొయ్యి" అని బతిమాలింది. కాక ఆ యాటను కామారెడ్డి అంగట్ల అమ్మి, మందుసీస వట్టుకొని ఉరికొచ్చిండు. వచ్చేవరకు ఆమె లేదు. "తల్లి యాటను ఈయన అమ్ముకున్నడు, ఈయన పెండ్లాన్ని తల్లి తీస్కపోయింది" అని ఊరంత ఒక్కటే మాట. "యాట కోసం మనిషిని సంపేది తల్లెట్లయితది?" అని కాక అందరి నోర్లు మూయించిండు. ఎల్లారెడ్డిల ఉండే ఆయన అత్త, భూదవ్వ తల్లి, అల్లునితోని మాటలు బంద్ చేసింది. ఎనిమిదేండ్లు.

నాకు చిన్నప్పటిసంది దేవుండ్లంటె పరాచికమే. అందుకే కాకంటె నాకు పానం.

జర్మనోని లడాయి సురువైన మరుసటేడు, ఆషాఢంల పోచమ్మ పండుగ. మా దిక్కు యాటను ఊకెనే కొయ్యరు. మీద పసుపు నీళ్లు పోసి గుడి ముందల నిలవెడ్తరు. అది తలకెళ్లి తోకదాక ఒళ్లు దులిపితె తల్లి ఒప్పుకున్నట్టు. దులుపకుంటె ఆ ఇంటోళ్ల మీద తల్లికి ఇంక కోపమున్నట్టు.

కాక వాళ్లింటి తరపున ఆయన అక్క నాగవ్వ యాటను తెచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. తాడు వట్టనీకె కాక రాక తప్పలే. ఒక చెంబు పోసిండ్రు, రెండు చెంబులు పోసిండ్రు. ఆ యాట బండరాయి లెక్క నిలవడ్డది. ఎనక నిలవడ్డ ఆడోళ్లు సురువు జేసిండ్రు.

"ఎనిమిదేండ్లయినా కోపం పోలేదమ్మా."

"యాడ పోతది? ఉసురు ఊకెనే పోతదా?"

తాడు వట్టుకున్న కాక కండ్లు గట్టిగ మూసుకున్నడు. కోపంతోని అనుకున్న. ఎంకయ్య తాత నస్యం డబ్బిని నేను పొద్దుగాలనే కొట్టేసిన, నడుముకు చెక్కుకొని ఉన్న. యాటను సముదాయిస్తున్నట్టు వంగి, దాని చెవుల చిటికెడు నస్యం ఊదిన. ఇగ సూడు! అది ఒళ్లంత దులిపితె పసుపు నీళ్లు పదిమంది మొఖాల మీద వడ్డయి. డప్పులు మోగినయి. నేను నవ్వు ఆపుకుంట, కన్ను కొడుదామని కాక దిక్కు తిరిగిన.

కాక తాడు ఇడిసిపెట్టి బురదల కూలవడ్డడు. చిన్నపోరని లెక్క ఎక్కెక్కి ఏడుస్తున్నడు.

తెల్లారి బాయి గడ్డకు పిలిచి నాకు చెప్పిండు. "హన్మంతూ, కండ్లు మూసుకొని మనసుల అడిగిన రా. భూదవ్వా, నీ పానం నేనే తీసిననా? కాదంటె గీ యాట దులుపాలె అని. మూసిన కండ్లల్ల ఆమె కనవడ్డది. నెత్తిన నీళ్లకుండ ఉన్నది. గప్పుడే నా మొఖం మీద నీళ్లు వడ్డయి. నువ్వు పక్కపొంటే ఉన్నవు, చూసినవు గద?"

"చూసిన కాక."

ఆ నాటిసంది కాక రోజూ గుడికి వోవుడు, నేను ఆయన సాక్షిని. "నమ్మకుంటె మా హన్మంతును అడుగు" అని ఊరోళ్లందరికి చెప్పవట్టె. నిజం చెప్పేద్దామని ఒకనాడు వాళ్లింటికి వోయిన. నాగవ్వ గడపల్నే ఆపి, "మెల్లగ మాట్లాడు బిడ్డా, తమ్ముడు పన్నడు. ఎనిమిదేండ్లు రాత్రంత వాకిట్ల తిరిగేటోడు" అన్నది. చెప్పకుంటనే ఎనకకు మల్లొచ్చిన.

ఆఖరికి ఒకనాడు కాక, "పా, ఎల్లారెడ్డికి పోదాం, అత్తకు చెప్పాలె" అన్నడు. తొవ్వంత నోరు తెరుసుడు, మూసుడు. గదే నా పని.

ముసలామె అరుగు మీద కూసుండి బీడీ ఆకు కత్తిరిస్తున్నది. తలెత్తలే.

"ఎవలు?"

"నేను అత్తా, సిద్ధిరాములును."

"బిడ్డ పోయినంక నాకు అల్లుడు యాడిదిరా?"

కాక వాకిట్లనే నిలవడి అంత చెప్పిండు. ఆమె కత్తెర పక్కకు వెట్టి నా దిక్కు చూసింది. "ఏం పిలగా, నువ్వు చూసినవా? నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు."

చెయ్యి లేపిన. పలుచగ తెల్లెంటికలు, నడుమ నెత్తి కనవడ్తున్నది. ఊరందరి ముందల అబద్ధమాడిన నాకు ఆ చెయ్యి కిందికి దిగలే.

"నస్యం" అన్న.

"ఏంది?"

"యాట చెవుల నేను నస్యం ఊదిన పెద్దవ్వా."

కాక నా మొఖం చూసిండు. "ఎంత?"

"చిటికెడు."

"చిటికెడుకే గంత దులుపుతదారా?"

కాక ఉన్నకాడనే మట్టిల కూసున్నడు. తిట్టినా, కొట్టినా మంచిగుండె. ముసలామె నా రెట్ట వట్టి దగ్గరికి గుంజింది.

"గా యాట ముచ్చట ఇడువు. వీడు ఏడ్సిండా?"

"ఏడ్సిండు పెద్దవ్వా. బురదల వడి ఏడ్సిండు."

"చెయ్యి వెట్టి చెప్పు."

వెట్టిన. ఆమె నెత్తి ఎండకు ఎచ్చగున్నది.

"మా బిడ్డ పీనుగు లేసినప్పుడు వీని కంట్ల చుక్క నీళ్లు రాలేదని చెప్పిండ్రు నాకు" అన్నది. ఒడిల ఉన్న ఆకు దులుపుకొని లేచింది. "లోపలికి రా అల్లుడా. కాళ్లు కడుక్కో."

కాకకు జొన్న గట్క పోసింది. నాకు గూడ పోసింది.

మల్లొచ్చేటప్పుడు, ఊరు కనవడంగ కాక నిలవడ్డడు. అప్పుడు అడిగిండు. "భూదవ్వ కనవడ్డది గూడ నీ నస్యమేనారా?"

"కాదు కాక."

"మరి అదేంది?"

నాకు తెల్వలే. ఇప్పటికి తెల్వదు.

కాక ఇప్పుడు గూడ పోచమ్మకు మొక్కుతడు. గని చేతులు జోడించే ముందల ఒక్కసారి సుట్టుముట్టు చూస్తడు, నేనేమన్న ఉన్ననా అని. నేను కనవడితె చేతులు కిందికి దించుతడు. అందుకే ఆయన గుడి దిక్కు వస్తున్నడని తెలిస్తె నేను ఇంట్ల సొచ్చి, తలుపు వెట్టుకొని కూసుంట.