రాతి మీద ఆమె పేరు

మా ఎదురింటి టీచరుగారు పోయారన్న కబురు నాకు మా వీధి వాట్సప్ గ్రూపులో తెలిసింది. ఎవరో పెట్టిన గుడ్ మార్నింగ్ గులాబీకీ, ఆ పూట కుళాయి నీళ్ళు ఆలస్యమన్న కబురుకీ మధ్య అది ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. ముందు రోజు సాయంత్రం గుండెలో నొప్పని ఆటో ఎక్కుతూ, "వదినగారూ, గేటు తాళం మీ దగ్గరుంచండి, పొద్దున్నే వచ్చేస్తా" అన్నారు. తాళం ఆమె చెల్లెలికి అప్పజెప్పాను. శ్రావణ మాసం, ఒకటే వాన. సమాధుల తోటలో బురదలో నిలబడి చర్చివాళ్ళు పాట పాడుతుంటే, మా వీధివాళ్ళు గొడుగుల కింద ఫోన్లు చూసుకుంటున్నారు.

ఆమె బెజవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ప్రకృతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టి చర్చికి వెళ్ళేవారు. మిగిలిన రోజుల్లో ఏ చీర కట్టినా కాళ్ళకు మాత్రం కాన్వాసు బూట్లే. వీధిలో ఆడపిల్లలు చాటుగా నవ్వేవారు. ఆమెకు తెలుసు. మెత్తని మనిషి కాదు. ఆ మాట ఇప్పుడు దాచడం ఆమెకు మర్యాద చేయడం కాదు. నేనూ మెత్తని మనిషిని కాను. అందుకే మా ఇద్దరికీ పొసగదని అందరూ అనుకున్నారు. పొసగింది. ఎదుటివాళ్ళ మెప్పు కోసం మాట మార్చని మనిషితో స్నేహం ఎంత సుఖమో, అలాంటి మనిషి ఎదురింట్లో ఉన్నన్నాళ్ళూ అనుభవించాను.

మా వీధి ఆడవాళ్ళం ప్రతి కార్తీక మాసం ఉయ్యూరు దగ్గర ఒక మామిడి తోటకు వనభోజనాలకు వెళ్ళేవాళ్ళం. ఒక ఏడు వెళ్తే అక్కడ తోట లేదు. హద్దురాళ్ళూ, రంగు జెండాలూ ఉన్నాయి. మరుసటి ఏడు హనుమాన్ జంక్షన్ దగ్గర ఏసీ ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఉసిరి మొక్కను కుండీలో తెచ్చి కుర్చీ మీద పెట్టారు. దానికి పూజ చేసి, టేబుళ్ళ మీద భోంచేశాం. ఆ రోజు టీచరుగారిని నేనే పిలిచాను. ఆమె చుట్టూ చూసి, "భోజనం బాగుంది. వనం ఏదండీ?" అన్నారు. ఎవరికీ నచ్చలేదు. కానీ పై ఏడు బస్సు మాట్లాడి, రాజమండ్రి దాటి, తూర్పు కనుమల్లోకి మమ్మల్ని తీసుకెళ్ళింది ఆమే.

ఆ జలపాతం పేరు ఇక్కడ రాయను. చదివినవాళ్ళలో పదిమంది వచ్చే ఆదివారమే బయల్దేరతారు.

కొండ కింద ఊళ్ళో బస్సు ఆపించి, ముందు తనొక్కరే దిగేవారు. ఊరి ఆడవాళ్ళతో మాట్లాడి, పైకి వెళ్ళమంటారా అని అడిగి, వాళ్ళు సరేనన్నాకే మమ్మల్ని దిగమనేవారు. ఒక ఏడు వాళ్ళు వద్దన్నారు. ఏదో కొండదేవత పండగట. అంత దూరం వెళ్ళిన బస్సును అట్నుంచి అటే వెనక్కి తిప్పించారు. పులిహోర బస్సులోనే తిన్నాం.

"అడవి గవర్నమెంటుదండీ. వీళ్ళనేంటి అడిగేది?" అని మా వీధి సంఘం సెక్రటరీగారి భార్య సణిగింది.

"మీ పెరట్లో నీళ్ళు కూడా భూమిలోవే కదమ్మా. నేనొచ్చి చెప్పకుండా తోడుకోనా?" అన్నారు టీచరుగారు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆమె వెంట వెళ్ళడం సుఖం కాదు. ఇంటి నుంచి స్టీలు పళ్ళెం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. విస్తరాకులు తెస్తామంటే, ఒకటి తీసుకుని మా కళ్ళ ముందే చింపి, ఆకుల మధ్య నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర లాగి చూపించారు. దారి వదిలి అడుగు పక్కకు వేయకూడదు. అడ్డదారి తొక్కితే ఆ చోట వానకు మట్టి జారుతుందట. ఉసిరి కొమ్మ విరవకూడదు. పూజకు రాలిన కాయ చాలు. అందరికంటే వెనక ఆమె నడిచేవారు, ఎవరేం పారేశారో చూసుకుంటూ. పైకి పట్టుకెళ్ళిన గిన్నెలూ సీసాలూ అన్నీ కిందకు వచ్చాయో లేదో లెక్క చూసుకోవడం నా పని. లెక్క తప్పితే బస్సు కదిలేది కాదు.

జలపాతం కింద గుండం నుంచే ఆ ఊరికి గొట్టం వేసుకున్నారు. అదే వాళ్ళ మంచినీరు. మనవాళ్ళకేమో కార్తీక స్నానం. షాంపూ పొట్లాలు, సున్నిపిండి, పసుపు కొంగున కట్టుకుని దిగబోతుంటే ఆమె అడ్డంగా నిలబడ్డారు. "మీ ఇంట్లో మంచినీళ్ళ బిందెలో నేను తలంటుకుంటే ఊరుకుంటారా?" అని ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగారు. ఒట్టి నీళ్ళతో, గొట్టానికి దిగువన, దోసిళ్ళతో పోసుకున్నాం.

దీపాల దగ్గర పెద్ద గొడవే అయింది. మొదటి ఏడు కొందరు బజారులో దొరికే థర్మోకోలు గిన్నెలు తెచ్చారు. వాటిని బస్సులోనే ఉంచేయించారు. అరటి దొప్పల్లో వెలిగించి వదలమన్నారు, అదీ దిగువన. వదిలాం. చేతులు జోడించి కళ్ళు తెరిచేసరికి, టీచరుగారు బూట్లు విప్పి, చీర ఎగ్గట్టి, ఇంకా కిందికి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. కొట్టుకొచ్చిన దొప్పల్ని ఒక్కొక్కటే పట్టుకుని బుట్టలో వేస్తున్నారు.

"అయ్యో, వదిలిన దీపం తీస్తారా టీచరుగారూ? అశుభం కాదూ?" అని ఒకావిడ అరిచింది.

"దీపం కొండెక్కిందమ్మా. ఇది దొప్ప" అన్నారు ఆమె, ఇంకోదాని కోసం చెయ్యి చాస్తూ.

"మా ఆచారాలు మీకేం తెలుస్తాయి లెండి" అంది ఆవిడ. బుట్ట నిండేదాకా టీచరుగారు తల ఎత్తలేదు. తిరుగు ప్రయాణంలో నా పక్కన కూర్చుని, "మాట నిజమే వదినగారూ. నాకు ఆచారం తెలీదు. నూనె నీళ్ళ మీద ఎలా పరుచుకుంటుందో మాత్రం తెలుసు" అన్నారు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఇంకో ఏడు గొట్టానికి దిగువన అందరం నీళ్ళలో ఉండగా, పైనుంచి ఎండుటాకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం చూసి, "బయటికి రండి, అందరూ, ఇప్పుడే" అని కేకేశారు. కొండ మీదెక్కడో వాన పడి ఉంటుందని, నీళ్ళు ఒక్కసారిగా దిగుతాయని. తడిబట్టలతో గట్టెక్కి వణుకుతూ కూర్చున్నాం. నీళ్ళు పెరగలేదు. రంగు కూడా మారలేదు. నవ్వులు మొదలయ్యాయి. "టీచరుగారి వరద బెజవాడ వెళ్ళాక వస్తుందేమోనే" అని ఒకరంటే, ఇంకొకరు పడవ తెప్పించమన్నారు. ఆమె మాత్రం ఎవరినీ మళ్ళీ దిగనివ్వలేదు. "రాకపోతే నవ్వుకోండి. వస్తే నవ్వడానికి ఉండరు" అన్నారు. ఆ ఏటి నుంచి ఆమె వెనక 'వరద టీచరు' అనడం మొదలైంది. కథల్లోలా ఆ మరుసటి ఏడు వరద వచ్చి ఆమె మాట నిజం కాలేదు. ఎన్నడూ రాలేదు. ఆమె ఆకుల వంక చూడడమూ మానలేదు.

గుండం పక్కన ఒక పెద్ద బండ ఉంది. దాని మీద కుర్రకారు మేకులతో చెక్కిన పేర్లు, బాణం దిగిన గుండెలు ఉండేవి. అవి కనబడగానే ఆమె మొహం ముడుచుకునేది. "కొండకి మన పేరు తెలియక్కర్లేదండీ" అనేవారు. ప్రతి ఏడూ అదే మాట, అదే చోట. వినేవాళ్ళం. విన్నామనే నేను అనుకున్నాను.

ఆమె పోయాక కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఆమె బొమ్మ, వెనక ఏదో దేశపు జలపాతం. 'ప్రకృతి ప్రేమికురాలు' అని అక్షరాలు. బొమ్మకు ప్లాస్టిక్ పూల దండ. వచ్చినవాళ్ళందరి చేతికీ గుక్కెడు నీళ్ళ ప్లాస్టిక్ సీసాలు. వరద టీచరని నవ్వినవాళ్ళే మైకు ముందు ఆమెను ఆకాశానికెత్తారు.

ఈ కార్తీకంలో నాకు కంటి ఆపరేషన్ అయింది. బస్సు నేను లేకుండానే వెళ్ళింది. సాయంత్రానికి గ్రూపులో ఫోటో వచ్చింది. ఆ బండ మీద, ఆ చివర నుంచి ఈ చివర దాకా, పసుపురంగు ఎనామిల్ పెయింటుతో ఆమె పేరు. ఇంటిపేరుతో, డిగ్రీలతో సహా. కింద 'అశ్రునివాళి', దాని కింద మా వీధి సంఘం పేరు. బండ ముందు అందరూ నిలబడి ఉన్నారు.

మర్నాడు సెక్రటరీగారే మా గుమ్మంలోకి వచ్చారు.

"చూశారా మామ్మగారూ? పెయింటర్ని బస్సులో మాతోపాటే తీసుకెళ్ళాం. నిచ్చెనేసి రాశాడు. వానకీ పోదు, ఎండకీ పోదన్నాడు."

"పోవాలంటే ఏం చెయ్యాలో కూడా చెప్పాడా?"

"అదేంటండీ!"

"చెరిపించండి."

"టీచరుగారి పేరా? ఆవిడకి అంత ఇష్టమైన చోటు కదండీ. మా ఆడాళ్ళు అక్కడ ఎంత ఏడ్చారో తెలుసా?"

"ఏడుపు ఆపి పెయింటర్ని ఆపాల్సింది. అక్కడ నిలబడి ఆవిడ ఏమనేదో ఒక్కరికన్నా గుర్తు రాలేదా?"

ఆయన చెప్పులు వేసుకుంటూ, "పెద్దవారు, మీతో ఏమంటాం" అని వెళ్ళిపోయారు. టీచరుగారికి పేరొస్తే మామ్మగారికి కుళ్ళని రెండు రోజుల్లో వీధంతా అనుకున్నారు. మా కోడలు వచ్చి చెప్పింది. అనుకోనీ అన్నాను. టీచరుగారు ఎన్నాళ్ళు పడ్డారో, నేను నాలుగు రోజులు పడలేనా? కానీ ఆ పేరు అక్కడ ఉన్నన్నాళ్ళూ, ఆ దారిన వచ్చే ప్రతివాడికీ ఆమె సాక్ష్యంగా నిలబడుతుంది: పెద్ద చదువులు చదివిన టీచరమ్మ పేరే ఉంది కదా, మన పేరు రాస్తే తప్పేంటని. అది నేను పడలేను.

కన్ను నయమయ్యాక మార్గశిరంలో మా కోడలు కారులో తీసుకెళ్ళింది. ఊళ్ళో ఆగాం. టీచరుగారు ఎప్పుడూ మాట్లాడే ఆవిడే గడపలో కూర్చుని ఉంది. టీచరుగారు పోయారని చెప్పాను.

"పోయిందని ఆ పేరు రాసినోళ్ళు అరుచుకుంటా పోతంటే ఇన్నాం" అంది. "రాస్తామని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయమ్మ పొయ్యిలోకి ఎండుపుల్ల ఏరుకోవాలన్నా అడిగేది."

"చెరపడానికి వచ్చాం. చెరపమంటావా?"

"చెరపండి. నీళ్ళలో మాత్రం ఏం పడనియ్యమాకండి" అంది.

కర్ర ఆనించుకుంటూ, కోడలి భుజం పట్టుకుని ఎక్కాను. బండ దగ్గర పొదలో ఖాళీ పెయింటు డబ్బా దొరికింది. దానిపక్కనే ప్లాస్టిక్ గ్లాసులు. అక్షరాలు ఫోటోలో కంటే పెద్దవి. అడుగున నిలబడితే అన్నీ చేతికి అందేవే. పెయింటరు నిచ్చెన దేనికి తెచ్చాడో తెలియలేదు.

"అత్తయ్యగారూ, టర్పెంటైన్ తెచ్చుకుంటే అయిదు నిమిషాల్లో పోయేది" అంది కోడలు.

"పోయేది. తిన్నగా బిందెల్లోకి పోయేది."

"సరే, సరే. ఆ బ్రష్షిటివ్వండి."

కింద నా పాత చీర పరిచాం. పొడిగానే, ఇనుప బ్రష్షులతో గీకాం. ఇంటిపేరు నేను, అసలు పేరు కోడలు. సంఘం పేరు ఇద్దరం కలిసి. ఆమె బతికి ఉండగా నేనెన్నడూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఆ రోజు ఒక్కొక్క అక్షరం ముందూ కూర్చుని, దాని వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అంతా వేలితో తడిమి చూసి గీకాను. పసుపు పొడి చీరలోకి రాలింది. భుజాలు పడిపోయాయి. మధ్యలో కోడలు కళ్ళు తుడుచుకుంటూ, "పొడి పడింది" అంది.

పొద్దు వాలేసరికి అయిపోయింది. చీర నాలుగు కొసలూ ముడివేసి, లేచి వెనక్కి జరిగి చూశాను.

పెయింటు పోయింది. దానితోపాటు ఎన్నో ఏళ్ళుగా బండ మీద పట్టిన నల్లటి పాచి కూడా, అక్షరం ఎంత మేర ఉందో అంత మేరా, ఊడిపోయింది. లోపలి తెల్లరాయి బయటపడింది. ఇంటిపేరుతో, డిగ్రీలతో సహా ఆమె పేరు రంగు లేకుండా అక్కడే ఉంది.

"చుట్టూతా కూడా గీకేద్దామా?" అంది కోడలు మెల్లగా. "అంతా కలిసిపోద్ది."

బ్రష్షు ఎత్తాను. బండంతా కప్పిన ఆ పాచి వంక చూసి దించేశాను. "వద్దు. ఉన్నదాన్నన్నా ఉండనీ."

"మళ్ళీ ఎన్నేళ్ళకి పడుతుందండీ అది?"

ఆ సంగతి చెప్పగల మనిషి ఒక్కరే నాకు తెలుసు.

గాలి తిరిగింది. జలపాతం తుంపర బండ మీదికి కొట్టింది. రాయి తడిసి నల్లబడేకొద్దీ, అక్షరాలు ఇంకా తెల్లగా పైకి తేలాయి.