అరగని సోల్

రెండు వేల మూడో సంవత్సరం. మా ఆయన పోయాక, అరకు సంత దారిలో ఆయన పరిచిన గోనెపట్టా మీదే కూర్చుని చెప్పులు కుట్టేదాన్ని. సంతకం దాటి నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే పక్క కొట్టు అమ్మాయి ఇది రాస్తోంది.

ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదివే సుకిరి పరుగుపందేల పిల్ల. దాని బూట్లు రెండూ చిటికెన వేలి వైపే అరిగిపోయేవి. లోపలి వైపు కొత్తదానిలా ఉండేది.

"ఏటే గుంటా, నెలకే ఇలగ సేసినావు? పరిగెడతన్నావా, రాయి మీద నూరతన్నావా?" అన్నాను.

"విశాఖలో సెలక్షనుంది పెద్దమ్మా. నెగ్గితే స్పోర్ట్స్ స్కూల్లో సీటిత్తారట. నాకు ఇంకో జత లేదు. ఈసారి అరగనిది ఎయ్యి."

వేసిన సోల్ కోసం మనిషి మళ్లీ రాకూడదనేది మా ఆయన పట్టుదల. నాకూ అదే అబ్బింది. మెత్తటి రబ్బరు ఊడదీసి లారీ టైరు ముక్క కోశాను. బయటి అంచున రెండు పొరలు వేసి కుట్టాను. సుకిరి తొడుక్కుని గెంతింది.

"ఏనుగు కాల్లాగుంది పెద్దమ్మా!"

మూడు వారాలకు కుంటుతూ వచ్చింది. "ఇక్కడ సలుపుతంది" అని పాదం బయటి పక్క చూపించింది. నేను బూటు తిరగేసి చూశాను, కాలు చూడలేదు. సోల్ ఇసుమంతైనా అరగలేదు. నాకు గర్వమేసింది.

"కొత్తది కదే, కరుత్తాది. కాలే అలవాటు పడతాది. బేగి ఎల్లు, బడి గంట కొట్టేత్తారు."

నా మాట నమ్మి ఆ నొప్పి మీదే పరిగెత్తింది. సెలక్షన్ రోజున పందెం సగంలో పడిపోయింది. చిటికెన వేలి వెనక ఎముక చిట్లింది. సీటు పోయింది.

డ్రిల్ మాస్టారు ఆ బూటు తెచ్చి నా ముందు పెట్టారు. కొందరి పాదం నేల మీద ఆనినప్పుడు లోపలికి వాలదట, బరువంతా బయటి అంచే మోస్తుందట. దాన్ని సుపినేషన్ అంటారని డాక్టరు చెప్పాడట. అలాంటి కాలికి మెత్తటి సోల్ కావాలి. గట్టిదైతే నేల దెబ్బ ఎముకకే తగులుతుంది.

"మరైతే ఆ అరుగుడు..." అన్నాను.

"ఆ దెబ్బలు పాత మెత్త రబ్బరు తిన్నాదమ్మా, ఇన్నాల్లూ" అన్నారు మాస్టారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు బూటు తెచ్చిన ప్రతి పిల్ల చేతా కాలు తడిపించి రాతి మీద అడుగు వేయిస్తాను. మడమకూ ముందు భాగానికీ మధ్య తడి అంటకపోతే అది సుకిరి లాంటి కాలే, టైరు ముట్టుకోను. ఎక్కడ నొప్పి అని ముందు అడుగుతాను. ఇంత తెలియడానికి ఒక పిల్ల పరుగు పోవాల్సి వచ్చింది.

నాలుగేళ్ల తర్వాత సుకిరి సంతకు వచ్చింది. కాఫీ తోటలో కూలికి వెళుతోంది. చెప్పు తెగితే నా దగ్గరే కూర్చుంది. చెప్పు బయటి అంచు అరిగి ఉంది. నేను మెత్తటి రబ్బరు వెతుకుతుంటే నవ్వింది.

"ఇంక పరిగెట్టీదేటుంది పెద్దమ్మా? గట్టిదే ఎయ్యి."

తల ఎత్తకుండా మెత్తటిదే వేశాను.