తంగేడు రెమ్మ పక్కన చెయ్యి

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో నా పక్కనావిడ, రక్తం ఎక్కించుకునే పిల్లల వైద్యం కోసం కార్డులు అమ్ముతోంది. మందు పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో ఉంచి నీళ్లతో కడిగితే, నీలం మీద తెల్లగా అచ్చు పడుతుందట. ఒక కార్డులో తంగేడు రెమ్మతో పాటు చిన్న చెయ్యి కూడా పడింది.

"నా బిడ్డది సార్. మీద అద్దం పెట్టమంటే చేత్తోనే ఒత్తి పట్టింది. ఇప్పుడు దవాఖానల ఉన్నది."

అది మాత్రం అమ్మనంది. కోరుట్లలో దిగబోతూ, నాకే ఇచ్చింది.

"నా దగ్గరుంటే మాటిమాటికి తీసి చూస్త. వెలుగుకు రంగు పోతది. భయమైతంది సార్. మీరు చీకట్ల దాచుండ్రి."

బీరువాలో బట్టల అడుగున దాచాను. ఇప్పటికీ ఆ బీరువా తెరిచే ముందు గదిలో లైటు ఆర్పుతాను.