నెదొమ ఇంటి మూలపీట

మా కొండల్లో పేరు మనిషిది కాదు, ఇంటిది. ఆ గడపలోకి కాపురానికి ఎవరొస్తే వాళ్ళకి ఆ పేరు అంటుకుంటుంది. నెదొమ అంటే ‘ఇంట్లో లేడు’ అని. పన్నుల వాళ్ళు వచ్చినప్పుడల్లా అడవిలోకి జారుకున్న ముత్తాత పుణ్యమా అని ఆ ఇంటికి ఆ పేరొచ్చిందంటారు. ఆ వంశంవాళ్ళను చూశాక నేనైతే నమ్మాను.

మతౌష్ ఆ ఇంట పుట్టలేదు. షెబెస్తా ఇంట నాలుగో కొడుకు. నెదొమ ఇంటాయన చెట్టు మీదపడి, పిల్లలు లేకుండానే చనిపోతే, అతని భార్య అపొలేనాను చేసుకుని ఆ గడప తొక్కాడు. పెళ్ళినాటి నుంచీ అతనూ నెదొమే. చనిపోయినాయన తమ్ముడి భార్య కొర్దూలా అందరి ముందూ అంది: “ఇల్లరికప్పిల్లాడు వచ్చాడర్రా, వండినదంతా దాచుకోండి.” ఊరంతా నవ్వింది. ఆ నవ్వు మతౌష్‌కి ముల్లులా దిగింది.

రాళ్ళ చేలో అవిసె పండించాడు, ఇంటి కప్పు తిరగ వేశాడు. కానీ శిలువ కింద మూలపీట మీద, అంటే ఇంటి యజమాని చోట, ఒక్కనాడూ కూర్చోలేదు. పొయ్యి పక్కనే తినేవాడు.

తర్వాత, ఇల్లు మారినా పేర్లు మార్చకూడదని చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. అందాకా ఆ ఇంట్లోనే ఉన్న కొర్దూలా దంపతులు నెదొమలుగానే కొండ అవతలకి కాపురం మార్చారు. పాతవాళ్ళు పోయారు. ఇల్లరికం సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. మతౌష్‌కి అదే హాయి. భార్యా కొడుకూ కూడా పోయాక మనవరాలు రోజీనా ఒక్కతే మిగిలింది.

ఆ పిల్ల వెళ్ళి వెళ్ళి కొర్దూలా మనవడు కష్పర్‌నే మెచ్చింది. పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఫాదరు గుడిలో పెళ్ళి ప్రకటన చదవబోయి ఆగిపోయాడు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే ఇంటి మూలం. దగ్గర రక్తమైతే పెళ్ళి జరగదన్నాడు. రోజీనా ఏడుస్తూ పెళ్ళి పిండి మూట కట్టేసింది. ఒక్క మాటతో తెగే ముడి అది. ఆ మాటనే మతౌష్ బతుకంతా పాతిపెట్టుకున్నాడు.

మరుసటి ఆదివారం గుడిలో లేచి నిలబడ్డాడు.

“ఫాదర్ గారూ, నాది నెదొమ రక్తం కాదండీ. నేను ఇల్లరికం వచ్చినోణ్ణి. నా కొడుకు నాకూ అపొలేనాకీ పుట్టినోడు. ఈ పిల్లకి ఆ వంశంతో చుట్టరికమే లేదు.”

ఇంకెవరికైనా తెలుసా అని ఫాదరు అడిగాడు. వెనక వరసలో కర్ర చప్పుడైంది.

“నాకు తెలుసు,” అంది కొర్దూలా. “అప్పట్లో నవ్వించింది నేనే. వారం నుంచీ మాట నోటిదాకా వస్తానే ఉంది. ఒకసారి అని ఏడిపించాను, ఈసారి ఆయన చెప్పకుండా నేను చెప్పకూడదని ఊరుకున్నా.”

ఎవరూ నవ్వలేదు. ఫాదరు ప్రకటన చదివేశాడు. రోజీనా తాత చెయ్యి పట్టుకుని వదల్లేదు. మతౌష్‌కి గుండెల మీది కుంపటి దించినట్టయింది. భయపడి దాచినన్నాళ్ళూ దండగేనని అప్పుడు తెలిసిందట.

పెళ్ళి విందులో అలవాటుగా పొయ్యి వైపు నడిచాడు. కొర్దూలా కర్ర అడ్డం పెట్టింది.

“అటెక్కడికయ్యా? మూలపీట ఖాళీగా ఉంది. ఆ పిల్ల కడుపున పుట్టేవాళ్ళు మా రక్తమూ, నీ రక్తమూను. పోయి కూర్చో, నెదొమా.”

మతౌష్ కూర్చున్నాడు. ఆ పూట ఇంటి యజమానిగా అందరికీ రొట్టె కోసి పెట్టింది అతనే.