నా పేరుతో వెళ్ళిన పక్కింటి అక్క

నా చిన్నప్పుడు, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల పక్కన మేము చదివిన బడిలో, నాలుగో తరగతి చివరి వరసంటే నాకు భయంగా ఉండేది. మాకంటే పొడుగైన ఆడపిల్లలు అక్కడ గోడకు ఆనుకుని కూర్చునేవారు. కింది తరగతి నుంచి మేము వచ్చేసరికే వాళ్ళు అక్కడున్నారు. వాళ్ళంతా మొద్దులని నేను తీర్మానించేశాను. మా పక్కింటి అక్క మూడేళ్ళుగా ఆ వరసలోనే ఉంది. అయినా నాకు లెక్కలు నేర్పింది అక్కే. ఈ రెండూ ఎలా పొసగుతాయో నా బుర్రకు తట్టలేదు.

ఆ ఏడు మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా కుటుంబాల్లో పురిటికి పుట్టింటికి వెళ్ళడం రివాజు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి వెంట ఆడపిల్ల వెళ్ళాలి. మగపిల్లలు మాత్రం నాన్న దగ్గరుండి పరీక్షలు రాసేవారు.

ఒక సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వస్తూ రైలు పాసు తెచ్చి అద్దం వెనక పెట్టాడు. అందులో అమ్మ పేరు కింద నా పేరుంది, అన్నయ్య పేరు లేదు. పరీక్షలకు ఇంకా మూడు వారాలే. అమ్మ నా గౌన్లు మడతపెట్టి ట్రంకుపెట్టెలో సర్దుతూనే ఉంది. మర్నాడు బడిలో వెనక్కి తిరిగి చూస్తే, గోడ దగ్గర ఒకరికి సరిపడా చోటు కనిపించింది.

ఏడుస్తూ వెళ్ళి అక్కకు చెప్పుకున్నాను. తను పరీక్ష ఎప్పుడూ తప్పలేదని, అసలు ఎప్పుడూ రాయనేలేదని అప్పుడు తెలిసింది. ఒక ఏడు తల్లి కాన్పు, ఇంకో ఏడు సొంత పిన్ని కాన్పు. అది విన్నాక నాకు భయం ఇంకా ఎక్కువైంది.

అక్క తిన్నగా మా ఇంటికొచ్చింది. "పిన్నీ, నానొస్తాను. నీ గుంటని పరీక్ష రాయనీ. నాకీ క్లాసు కంఠతా వచ్చీసింది గదా" అంది.

అమ్మ చేతిలోని గౌను పక్కన పెట్టింది. "అచ్ఛా, మీ అమ్మనొక మాట అడుగు" అంది.

పాసులో పేరు మార్పించే వ్యవధి లేదు. అక్క పొడుగైనా సన్నగా ఉండేది కాబట్టి నా పేరుతో, నా వయసుతో వెళ్ళాలని తేలింది. టీటీ అడిగితే నా పేరే చెప్పాలని నాన్న అక్కచేత మూడుసార్లు అనిపించాడు. మూడోసారి తను తడబడలేదు. నాకెందుకో నా పేరు ఎవరిదోలా వినిపించింది. సంతోషం మాత్రం పోలేదు, దాచుకోవడం దేనికి.

నేను పరీక్ష రాశాను, పాసయ్యాను. జూలైలో బడి తెరిచిన రోజు, ఈసారి నాలుగో తరగతిలో ఒక్క ఆడపిల్ల కూడా ఆగిపోలేదని మాస్టారు గర్వంగా చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను. ఆ తర్వాతే బల్ల మీద తెరిచి ఉన్న పాత హాజరుపట్టీ నా కంటపడింది. చివరి వరస పిల్లల పేర్లన్నిటి మీదా ఎర్రగీతలున్నాయి. ఇన్నేళ్ళూ పరీక్షకు రానివాళ్ళను అదే తరగతిలో ఉంచేవారు, ఈసారి పేర్లే కొట్టేశారు. అక్క పేరు మీదా గీత ఉంది.

వారం తర్వాత అమ్మ తిరిగొచ్చింది. వెనకే మా తమ్ముణ్ణి చంకనేసుకుని అక్క గుమ్మంలో నిలబడింది. "నీ పేరు నీకిచ్చీస్తన్నానే, తీసుకో" అని నవ్వింది. తన పేరు ఏమైందో నేను చెప్పలేకపోయాను. మర్నాడు అక్క పుస్తకాలు పట్టుకుని బడికి వెళ్ళి, మొదటి గంటలోపే ఇంటికొచ్చేసింది. మళ్ళీ చేర్పించడానికి ఎవరూ పూనుకోలేదు, మా ఇంట్లోవాళ్ళు కూడా.

ఈమధ్య కోనిలోని యూనివర్సిటీలో చదువుతున్న మా మనవరాలు, ప్రాథమిక బడుల్లో ఆడపిల్లలు ఒకే తరగతి ఎన్నిసార్లు చదవాల్సి వస్తోందో రెండు దేశాల మధ్య పోల్చి రాస్తోంది. "అమ్మమ్మా, ఈ దేశంలో బహుత్ కమ్, చాలా తక్కువమంది. వీళ్ళే నయం కదా" అని పట్టికలో ఒక దేశం మీద వేలు పెట్టి చూపించింది.

"బడి మానేసినోళ్ళు ఇందులో ఏ గడిలో ఉన్నారే?" అని అడిగాను.

ఆ గడి లేదు. పిల్ల నవ్వు ఆపి, పట్టికలో మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది.

అక్కవాళ్ళు తర్వాత క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరైనా తమ బడిలో ఒక్క ఆడపిల్ల కూడా ఆగిపోలేదని చెబితే, చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నా, నా చేతులు ఇప్పటికీ ఒడిలోంచి లేవవు.